బీథోవెన్ ఓపస్ 2: మూడు సొనాటాలలో ముందుగా వినవలసినది ఏది?

బీథోవెన్ రచించిన 32 పియానో సొనాటాలలో (పియానో ఒక్కదానికే పలు భాగాలుగా రాసిన రచనలలో) మొదటి మూడూ ఓపస్ 2 (రెండవ కృతి) పేరుతో ఒకే సంపుటంగా 1796 మార్చిలో వియన్నాలో అచ్చయ్యాయి. ప్రచురించినది అర్తారియా సంస్థ. శ్రుతిని బట్టి మొదటిది ఎఫ్ మైనర్, రెండవది ఎ మేజర్, మూడవది సి మేజర్ (స్థూలంగా మైనర్‌ది విషాద ఛాయ, మేజర్‌ది వెలుగు ఛాయ). కొత్త శ్రోతలు చాలామంది అంకెల వరుసను బట్టి మొదటిదానిని విని, అక్కడి నుంచి నేరుగా 1799 నాటి పాథెటిక్ సొనాటాకు వెళ్ళిపోతారు. ఆ తొందరలో ఈ సంపుటంలోని అసలైన సాహసం వారి చెవిన పడకుండానే పోతుందని, వినడం రెండవదానితో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

నేపథ్యం కొంత తెలిస్తే ఈ ఎంపిక సులభమవుతుంది. బీథోవెన్ 1792 నవంబరులో బాన్ నగరం నుంచి వియన్నాకు వచ్చి ప్రసిద్ధ స్వరకర్త హైడన్ వద్ద పాఠాలు మొదలుపెట్టాడు. 1794 జనవరిలో హైడన్ రెండవసారి లండన్ ప్రయాణం కట్టడంతో కౌంటర్‌పాయింట్‌ను (ఒకేసారి సాగే పలు స్వరరేఖలను అల్లే విద్యను) ఆల్‌బ్రెక్ట్స్‌బెర్గర్ అనే మరో గురువు వద్ద కొనసాగించాడు. 1795లో గురువు తిరిగి వచ్చిన తరువాత ఈ మూడు సొనాటాలనూ ప్రిన్స్ లిఖ్నోవ్‌స్కీ ఇంట స్వయంగా వాయించి వినిపించి, అచ్చు వేసినప్పుడు హైడన్‌కే అంకితమిచ్చాడు. అయితే ముఖపత్రంపై ‘హైడన్ శిష్యుడు’ అని వేసుకోవడానికి ఒప్పుకోలేదనీ, పాఠాలు చెప్పించుకున్నాను గాని నేర్చుకున్నదేమీ లేదన్నాడనీ, బీథోవెన్ దగ్గర చదువుకున్న రీస్ తరువాతి కాలంలో రాశాడు. ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మనక్కరలేదు. నాలుగైదు స్వరాల చిన్న పలుకును పట్టుకుని, దానిని విరిచి, తిప్పి, ఒక భాగమంతా అల్లుకుపోయే పద్ధతి హైడన్‌దే. అది ఈ మూడింటిలోనూ అడుగడుగునా కనిపిస్తుంది. శిష్యుడు తనదిగా చేర్చినది పరిమాణం. హైడన్, మొజార్ట్‌ల పియానో సొనాటాలు సాధారణంగా మూడు భాగాలతో, కొన్ని రెండింటితోనే ముగుస్తాయి. బీథోవెన్ మాత్రం సింఫనీకీ, తంత్రీ చతుష్టయానికీ (నాలుగు తీగ వాద్యాల రచనకూ) అలవాటైన నాలుగు భాగాల కట్టడాన్ని ఒక్క పియానోకు, అదీ అయిదు ఆక్టేవుల (స్థాయిల) తేలికపాటి వియన్నా పియానోకు, తెచ్చి పెట్టాడు.

మొదటి సొనాటాకున్న పేరుకు కారణం దాని బిగువు. రాకెట్‌లా పైకెగసే ఆరంభ పలుకు వినగానే మొజార్ట్ జి మైనర్ సింఫనీ చివరి భాగం గుర్తుకు రాక మానదు. వృథా స్వరం ఒక్కటీ లేదు. ప్రెస్టిస్సిమో (అత్యంత వేగం) గుర్తుతో సాగే చివరి భాగం, నడుమ ఎ ఫ్లాట్ మేజర్‌లో వచ్చే విశ్రాంతి తప్పిస్తే, ఊపిరి తీసుకోనివ్వదు. కాని దాని అడాజియో (నెమ్మది భాగం) 1785లో, పద్నాలుగేళ్ళ వయసులో రాసిన ఒక పియానో క్వార్టెట్ (పియానో, మూడు తీగ వాద్యాల రచన) నుంచి తెచ్చి మెరుగుపెట్టినది. మధురమే, సందేహం లేదు. అయినా రెండు అంచులా ఉన్న నిప్పుకు అది సరితూగదు.

మూడవది సభను గెలవడానికి రాసినది. తొలి పలుకులోని జంట స్వరాల వణుకు వేళ్ళకు అప్పుడే పరీక్ష పెడుతుంది. మొదటి భాగం చివర ఆర్కెస్ట్రాతో వాయించే కన్చెర్టోలో వలె ఏకంగా ఒక కడెంజానే (ఒంటరి వాద్యకారుడి నైపుణ్య ప్రదర్శన) వస్తుంది. ఇందులోని జి మైనర్ పలుకు కూడా ఆ బాల్యపు క్వార్టెట్‌లోనిదే కావడం విశేషం. సి మేజర్ రచనలో నెమ్మది భాగాన్ని దూరపు ఇ మేజర్‌లో పెట్టడం మంచి తెగింపు. మిగిలినదానిలో ప్రదర్శన పాలు ఎక్కువ.

రెండవది నవ్వుతూ మొదలవుతుంది. అందుకే కాబోలు దానిని తేలికగా తీసుకుంటారు. చిలిపి ఆరంభం తరువాత, ఇ మేజర్‌లో రావలసిన రెండవ ఇతివృత్తం ఇ మైనర్‌లో వచ్చి, మంద్రస్వరం మెట్టు మెట్టుగా పైకి నడుస్తుండగా ఒక శ్రుతి నుంచి మరొక శ్రుతికి జరిగిపోతుంది. వినేవారికి కాసేపు కాలి కింద నేల అందదు. ఇక లార్గో అపాసియోనాటో అనే నెమ్మది భాగం ఈ సంపుటానికే తలమానికం: పై చేతిలో భక్తిగీతం వంటి నిండైన స్వరసముదాయాలు నిలిచి ఉంటే, కింద ఎడమ చేయి తంత్రులను వేలితో మీటినట్టు పొడిగా అడుగులు వేస్తుంది. అంతా ప్రశాంతంగా ముగియబోతున్నదనుకున్న చోట అదే గీతం డి మైనర్‌లో పూర్తి బలంతో విరుచుకుపడుతుంది. మూడవ భాగానికి పాత మినుయెట్ (ఒక నాట్యం) పేరు తీసి స్కెర్జో (పరిహాసం) అని పెట్టడం అతని పియానో సొనాటాలలో ఇక్కడే మొదలు. చివరి రోండోలో (ఒకే పలుకు మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చే భాగంలో) కింది ఇ నుంచి పై ఇ వరకు ఒక్క ఊపున ఎక్కి దూకే పలుకు, తిరిగి వచ్చిన ప్రతిసారీ కొత్త అలంకారం ధరిస్తుంది. మొదటి సొనాటాలోని తీవ్రత మైనర్ శ్రుతి నుంచే సగం వస్తుంది. ఇక్కడ ఆ ఊత లేకుండానే అంత లోతు సాధించాడు.

ఇది వినేవారి మాట. పియానో నేర్చుకునేవారికి మాత్రం వరుస తారుమారు చేయక తప్పదు. రెండవదాని మొదటి భాగంలోని వేగవంతమైన ట్రిప్లెట్లకు (మూడేసి స్వరాల గుంపులకు) బీథోవెన్ తానే వేళ్ళ గుర్తులు రాసిపెట్టాడు. వాటిని పాటించి నిర్ణీత వేగంతో వాయించడం ఆరితేరిన వారికే కష్టం. మూడవదానిలోని జంట స్వరాలు, చివరి ట్రిల్లులు (రెండు పక్క స్వరాల వేగపు కదలికలు) మణికట్టు సడలి ఉండటం అలవడనివారికి హాని కూడా చేయవచ్చు. అందువల్ల సాధన ఎఫ్ మైనర్‌తోనే, అందులోనూ అడాజియోతో మొదలుపెట్టి, ప్రెస్టిస్సిమోను చిట్టచివరకు ఉంచుకోవడం మంచిది.