కార్తెల లెక్కన బొమ్మల డైరీ: నాలుగేళ్లు రాశాక

మొదట్లో రోజుకో బొమ్మ అనుకుని పన్నెండో రోజుకే చేతులెత్తేశాను. ఆఫీసు నుంచి ట్రాఫిక్ ఈదుకుంటూ ఇంటికొచ్చేసరికి చీకటి, ఇంకే పిట్టను గీస్తాం. ఒకరోజు అమ్మ క్యాలెండర్ చూస్తూ "రేపట్నుంచి మృగశిర" అంటే అప్పుడు తట్టింది, ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 రోజులు, కార్తెకు రెండు పేజీలు చాలు కదా అని. అప్పట్నుంచి ఏ కార్తే ఖాళీ పోలేదు. కిందటేడు స్వాతిలో జ్వరమొచ్చి ఒక్క చిక్కుడాకు గీసి ఊరుకున్నాను గానీ, అదీ లెక్కే.

సామాను దగ్గర డబ్బులు తగలేశాను. మామూలు డ్రాయింగ్ బుక్ తడి తగలగానే ఉబ్బిపోతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం 300 గ్రాములు, అంటే బాగా దళసరి) అని ఆన్‌లైన్‌లో తెప్పించింది చార్టు కంటే పల్చగా వచ్చింది, వాపసూ తీసుకోలేదు. ఇప్పుడు కోఠీకి వెళ్లి చేత్తో తడిమి చూసి కొంటున్నా. జెల్ పెన్నుతో గీసి పైన రంగు వేస్తే గీతంతా కరిగి మురికవుతుంది, వాటర్‌ప్రూఫ్ ఇంకు పెన్నే కొనండి.

మన ఊరి ఎండకీ వానకీ నీటిరంగులతో అస్సలు పడదు. రోహిణిలో బయట కూర్చుని రేలపూల గుత్తి వేస్తుంటే పసుపులో నారింజ కలిపేలోపే ఆరిపోయి చారలు పడ్డాయి. పునర్వసు ముసురులో రెండ్రోజులైనా ఆరక, మూసిన పుస్తకంలో నేరేడు పండు ఎదురు పేజీకి అంటుకుంది.

ఎక్కువసేపు కూర్చున్నది మాత్రం ఆరుద్ర పురుగు దగ్గరే. మా అపార్ట్‌మెంట్ ఎదురు ఖాళీ స్థలంలో, వాన వెలిశాక, తడిమట్టి మీద ఎర్ర మఖ్మల్ ముక్కల్లా పాకేవి. మొదటేడు పురుగే కదా అని చూడకుండా ఆరు కాళ్లు వేసేశాను. మరుసటేడు మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెడితే ఎనిమిది! పేరుకే పురుగు, సాలీడుకి చుట్టం. ముట్టుకుంటే కాళ్లన్నీ ముడుచుకుని గింజలా పడి ఉంటుంది, గీసుకోవడానికి అదే అదను. ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చి గీసుంటే ఇదంతా తెలిసేది కాదు.

ఈ ఏడు ఆ స్థలంలో పునాదులు తవ్వారు. ఆరుద్ర పేజీలో జేసీబీ వేశాను. రేలపూలకు కలిపిన పసుపే మిగిలితే దానికి సరిగ్గా సరిపోయింది.