టాండమ్ సైకిల్‌కి మోటారు: ముందు చక్రానికా, వెనక చక్రానికా, పెడల్ దగ్గరా?

సైకిల్‌కి మోటారు పెట్టించాలని ఎవరిని అడిగినా వెనక చక్రానికి హబ్ మోటారు (చక్రం మధ్యలోనే ఉండేది) వేయించుకోమంటారు, ఎత్తులు ఎక్కువుంటే మిడ్ డ్రైవ్ (పెడళ్ల దగ్గర బిగించేది) అంటారు, ముందు చక్రానికి మాత్రం వద్దంటారు. ఒక్కరు తొక్కే సైకిల్‌కి ఆ సలహా సరైనదే. ఇద్దరు తొక్కే టాండమ్‌కి వచ్చేసరికి మాత్రం ఆ వరస దాదాపు తిరగబడుతుంది.

నాకు ఇదంతా ఎందుకంటే, మా బాబాయికి చూపు లేదు. వెనక సీటు ఆయనది, ముందు నేను. విశాఖ బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు వెళ్లడమంటే ఆయనకి ప్రాణం, కానీ అరవై దాటాక తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు, తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి ఆయన మోకాళ్లని పీల్చేస్తున్నాయి. ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు.

ముందు ఎంత పవర్ కావాలో చూద్దాం. మేమిద్దరం, సైకిల్, మోటారు, బ్యాటరీ అన్నీ కలిపి దాదాపు 170 కిలోలు. నూరు మీటర్లకి ఐదు మీటర్లు లేచే ఎత్తు మీద గంటకి 12 కి.మీ. వేగంతో వెళ్లాలంటే సుమారు 320 వాట్లు కావాలి. ఓ మోస్తరుగా తొక్కే మనిషి 100 వాట్లు ఇస్తాడనుకుంటే ఇద్దరివీ 200, ఇక మోటారు ఇవ్వాల్సింది 120. అంటే 250 వాట్ల మోటారు చాలు, బరువు రెట్టింపైనా ఇంజన్లు కూడా రెండున్నాయి మరి. పైగా మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం 250 వాట్ల లోపు, గంటకి 25 కి.మీ. లోపు, బ్యాటరీ కాకుండా 60 కిలోలు మించకుండా ఉంటేనే లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. కాబట్టి 750 వాట్ల కిట్ల జోలికి నేను వెళ్లను.

మిడ్ డ్రైవ్ కాగితం మీద అన్నిటికన్నా మేలు. మోటారు గేర్ల ద్వారా పనిచేస్తుంది కాబట్టి నిటారు ఎత్తులో కూడా అది తన వేగంలో తిరుగుతుంది, వేడెక్కదు. చిక్కల్లా టాండమ్ ఫ్రేముతో. బఫాంగ్ కంపెనీ బీబీఎస్ లాంటి కిట్లు 68 నుంచి 73 మి.మీ. వెడల్పున్న మామూలు బీబీ గొట్టానికి, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టానికి, చేసినవి. టాండమ్‌లో ముందు బీబీ గొట్టం చాలావాటిలో లావుగా ఉంటుంది, లోపల చైన్ బిగువు సరిచేసే ఎక్సెంట్రిక్ అనే భాగం ఉంటుంది, కిట్ అందులో నేరుగా కూర్చోదు. వెనక బీబీకి పెడదామంటే, రెండు జతల పెడళ్లనీ కలిపే టైమింగ్ చైన్ సాధారణంగా ఎడమ వైపు ఉంటుంది, కిట్‌తో వచ్చే ఎడమ క్రాంక్‌కి (పెడల్ బిగించే కమ్మీకి) చైన్ వీల్ ఉండదు, దానికి సరిపడే టాండమ్ క్రాంక్ వేరే వెతకాలి. ఇంకోటి, మామూలు సైకిల్‌లో మోటారు డబ్బా బీబీకి ముందు ఖాళీలో వేలాడుతుంది, టాండమ్‌లో సరిగ్గా అక్కడే రెండు బీబీలనీ కలిపే అడుగు గొట్టం అడ్డొస్తుంది. మోటారుని ఇంకా కిందికి తిప్పాలి, అప్పుడు మన స్పీడ్ బ్రేకర్ల మీద తగులుతుందేమోనని టెన్షన్. ఇవన్నీ సర్దినా, ఇప్పటికే ఇద్దరి బలం మోస్తున్న వెనక చైన్ మీద మోటారు బలం కూడా పడి చైన్, ఫ్రీవీల్ తొందరగా అరిగిపోతాయి. ఖరీదు కూడా హబ్ కిట్‌కి రెండు మూడు రెట్లు. మంచి మెకానిక్ దగ్గర్లో ఉండి, రోజూ నిటారు ఘాట్ ఎక్కేవాళ్లకైతే సరే, మాలాంటివాళ్లకి కాదు.

వెనక హబ్ సంగతి కాస్త తొందరగానే తేలిపోతుంది. మంచి టాండమ్ వెనక హబ్ 145 మి.మీ. వెడల్పు, పుల్లలు 40 లేదా 48, కొన్నిటికి అదనంగా డ్రమ్ బ్రేకు. దొరికే మోటార్లు 135 మి.మీ., 36 పుల్లలవి. అంటే ఇద్దరి బరువు మోయడానికని గట్టిగా కట్టిన చక్రాన్ని పీకేసి అంతకన్నా బలహీనమైనది పెడుతున్నాం, ఇది నాకు అస్సలు నచ్చదు. మీది చవక టాండమ్ అయి వెనక వెడల్పు 135 ఉంటే ఆలోచించవచ్చు, లావు పుల్లలతో చక్రం మళ్లీ కట్టించుకోవాలి.

ముందు చక్రానికి గేర్డ్ హబ్ (లోపల చిన్న గేర్లుండే హబ్ మోటారు) వద్దనడానికి అసలు కారణం దాని మీద బరువు తక్కువ పడి, ఎత్తులో జారుతుందని. టాండమ్ పొడుగు ఎక్కువ, ముందు కూర్చున్న మనిషి దాదాపు ముందు చక్రం దగ్గరే ఉంటాడు, అది లేవదు, పట్టు బాగా ఉంటుంది. గేర్లు, టైమింగ్ చైన్, వెనక చక్రం ఏదీ ముట్టుకోనక్కర్లేదు. మోటారు ఆపేసినా లోపలి ఫ్రీవీల్ వల్ల బరువుగా లాగదు. షరతు ఒక్కటే, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు స్టీలుది అయితేనే. అల్యూమినియం, కార్బన్, సస్పెన్షన్ ఫోర్కులైతే ఈ దారి వదిలేయండి, ఇరుసు తిరిగిపోయి ఫోర్కు చివర విరిగితే ఇద్దరూ పడతారు. స్టీలు ఫోర్కుకైనా రెండు వైపులా టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరక్కుండా పట్టి ఉంచే పట్టీ) వేయించాల్సిందే. బీచ్ రోడ్డు మీద ఇసుక కొట్టుకొచ్చిన చోట మోటారు ఆపుకోవడం మంచిది. చాలా నెమ్మదిగా నిటారు ఎత్తు ఎక్కితే కరెంటులో చాలా భాగం వేడిగా పోతుంది, అలాంటి చోట ఇద్దరూ గట్టిగా తొక్కాలి, లేదా దిగి నడవాలి.

అనంతగిరి ఘాట్ లాంటి పొడవాటి పల్లాలు తరచూ దిగేవాళ్లకి గేర్లు లేని డైరెక్ట్ డ్రైవ్ హబ్ గురించి ఒక మాట. అది దిగేటప్పుడు బ్రేకులా పనిచేసి రిమ్ముల వేడి తగ్గిస్తుంది, టాండమ్‌కి అది పెద్ద మేలు. కానీ బరువెక్కువ, బ్యాటరీ నిండుగా ఉంటే ఆ బ్రేకు పనిచేయదు, కాబట్టి దాన్నే నమ్ముకుని దిగకూడదు.

బ్యాటరీ 36 వోల్టులు, 10 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) అంటే 360 వాట్-అవర్లు. కిలోమీటరుకి పది వాట్-అవర్ల చొప్పున వేసుకున్నా ముప్పై కిలోమీటర్లు దాటుతుంది, భీమిలి వెళ్లి రావాలంటే కొంత దూరం మన కాళ్లతోనే వెళ్లాలి, లేదా పెద్దది కొనాలి. దాన్ని రెండు సీట్ల మధ్య కింద బిగిస్తే సైకిల్ నిలకడగా ఉంటుంది, అప్పుడు కిట్‌తో వచ్చే వైర్లు చాలవు, పొడిగింపు తీగలు ముందే అడగండి. సముద్రం పక్కన ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, వాటర్‌ప్రూఫ్‌వి తీసుకుని గ్రీజు రాయించండి.

తొక్కుతున్నామని మోటారుకి తెలియజేసే పెడల్ సెన్సర్ ఏ క్రాంక్‌కి పెట్టినా ఒకటే, రెండూ కలిసే తిరుగుతాయి కదా. కానీ తొక్కడం ఆపాక కూడా మోటారు ఒక్క క్షణం లాగుతుంది, అందుకే రెండు బ్రేకు లీవర్లకీ, బ్రేకు పట్టగానే మోటారుని ఆపే కటాఫ్ స్విచ్చులు తప్పనిసరి. వెనక చూపులేని మనిషి ఉంటే మోటారు వేసే ముందూ ఆపే ముందూ పైకి చెప్పండి. బాబాయ్, వేస్తున్నా, అని నేను అన్నాకే బటన్ నొక్కుతాను, లేకపోతే ఆ తోపు ఎటునుంచి వచ్చిందో తెలియక ఆయన ఒళ్లు బిగుసుకుపోతుంది, సైకిల్ ఊగుతుంది.