స్కైరిమ్ ఆల్బమ్: చాలామంది దాటేసే నాలుగో డిస్క్ గురించి

స్కైరిమ్ అనే వీడియో గేమ్ సంగీతం బాగుంటుందని నేను కొత్తగా చెప్పాల్సిన పని లేదు. గేమ్ ఆడనివాళ్లు కూడా ఆ మగ గొంతుల కోరస్‌ను ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. అందుకని దాని గురించి కాకుండా, ఆల్బమ్ చివర్లో ఉండే ఒకే ఒక్క ట్రాక్ గురించి రాస్తున్నాను. పేరు 'స్కైరిమ్ అట్మాస్ఫియర్స్'. నిడివి 42 నిమిషాల పైమాటే. నాలుగు డిస్కుల ఆల్బమ్‌లో నాలుగో డిస్క్ అంతా ఇదే. రాగం లేదు, తాళం లేదు. గాలి వీస్తూ ఉంటుంది, ఎక్కడో నీళ్ల చప్పుడు, వాటి కింద నెమ్మదిగా సాగే ఒక స్వరం. మొదటిసారి విన్నవాళ్లు రెండు నిమిషాలు చూసి ముందుకు జరిపేస్తారు. ఏళ్ల తరబడి విన్నాక నాకు మాత్రం ఈ ఆల్బమ్‌లో అన్నిటికంటే విలువైనది ఇదే అనిపిస్తోంది.

నేను మెడికల్ కోడింగ్ చేస్తాను, ఎక్కువగా నైట్ షిఫ్టే. పేషెంట్ చార్టు చదివి దానికి సరైన కోడ్ వెయ్యాలి. ఆ సమయంలో చెవిలో మాటలున్న పాట పడిందంటే కళ్లు లైను మీద ఉన్నా మనసు పల్లవి వెంట పోతుంది. అందుకే మాటలు లేని సంగీతం వెతుక్కుంటూ గేమ్ సౌండ్‌ట్రాక్‌ల దగ్గరికి వచ్చాను. స్కైరిమ్ అంతకుముందే ఆడాను కాబట్టి ముందు అదే పెట్టుకున్నాను. పనికి ఇంతకంటే మంచి ఆల్బమ్ లేదని టీమ్‌లో అందరికీ చెప్పాను కూడా.

ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా చెప్పను. 'సెకుండా', 'ఫార్ హొరైజన్స్', 'కైన్స్ పీస్' లాంటి ట్రాకులు ఒక్కొక్కటిగా చూస్తే స్వరకర్త జెరెమీ సోల్ చేసినవాటిలో మేలైనవే. గొడవ అంతా వరుసతోనే. మెత్తని ట్రాకుల పక్కనే యుద్ధం ట్రాకులు పెట్టారు. మొదటి డిస్క్‌లో 'స్టీల్ ఆన్ స్టీల్' అయిపోగానే 'సెకుండా' వస్తుంది. గేమ్‌లోని లోకానికి ఉన్న ఇద్దరు చందమామల్లో చిన్నదాని పేరు పెట్టుకున్న ట్రాక్ అది, గేమ్‌లో రాత్రిపూట వినిపిస్తుంది. కత్తుల మోత నుంచి వెన్నెల్లోకి రావడం వరకు పర్లేదు. వెన్నెల్లోంచి కత్తుల్లోకి పడితేనే కష్టం. రెండో డిస్క్‌లో జరిగేది అదే.

మా నాన్నకు మోకాలి ఆపరేషన్ అయ్యి, కొన్నాళ్లు హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లోనే ఉన్నారు. పగలు బాగానే ఉండేవారు. రాత్రయితే మాత్రం నిద్ర పట్టేది కాదు. నొప్పికి మాత్ర వేసుకున్నా అది పనిచేసేదాకా కాలు కదపలేక, కదపకుండా ఉండలేక అవస్థ పడేవారు. పైగా ఊళ్లో అలవాటైన నిశ్శబ్దం ఇక్కడ లేదు. పక్క అపార్ట్‌మెంట్ బోరు మోటారు అర్ధరాత్రి కూడా మొదలవుతుంది. పాత పాటలు పెడితే నిద్ర మాట దేవుడెరుగు, ఆ పాట ఏ సినిమాలోది, దాన్ని ఏ టాకీసులో చూశారు, ఆ రోజు ఎవరెవరు వెళ్లారు అని మొదలుపెట్టేవారు. ఒక రాత్రి ఆయనే, "మాటలు లేనిదేదైనా ఉంటే పెట్టరా, సన్నగా" అన్నారు.

అప్పటికి నేను పనిలో ఉన్నాను, నా స్పీకర్‌లో రెండో డిస్క్ నడుస్తోంది. దాన్నే ఆయన మంచం దగ్గర పెట్టాను. 'ఎ వింటర్స్ టేల్' విని ఏమీ అనలేదు. 'ది బ్యానర్డ్ మేర్'కి వేళ్లతో దుప్పటి మీద తాళం వేశారు. 'ది స్ట్రీట్స్ ఆఫ్ వైట్‌రన్' వచ్చేసరికి, అంటే ఆ పియానో మొదలయ్యేసరికి, ఊపిరి నెమ్మదించింది. కళ్లు మూతపడ్డాయి. కొన్ని రాత్రుల తర్వాత మొదటిసారి మాత్రతో కాకుండా మామూలుగా నిద్రలోకి జారుతున్నారని నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

దాని తర్వాత ట్రాక్ 'వన్ దే ఫియర్'. డ్రాగన్ మీదికి వచ్చినప్పుడు గేమ్‌లో మోగేది అదే. డ్రమ్ములు, వాటి మీద కోరస్. నాన్న ఉలిక్కిపడి లేచారు. ఆ కంగారులో ఆపరేషన్ అయిన కాలు ఝాడించారు. ఆ రాత్రి ఇక ఆయనకు నిద్ర లేదు, నాకు పని లేదు. ఆ పియానో తర్వాత ఆ డ్రమ్ములు పెట్టాలని ఎందుకు అనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కచేరీలో కూర్చుని వినేవాళ్లకు ఆ ఎత్తుపల్లాలు బాగుంటాయేమో. ఈ ఆల్బమ్‌ను అలా కూర్చుని వినేవాళ్లకంటే పక్కన పెట్టుకుని బతికేవాళ్లే ఎక్కువ అని నా నమ్మకం.

మర్నాడు రాత్రి నాలుగో డిస్క్ పెట్టాను. అందులో ఉన్నట్టుండి ఎగిరిపడేది ఏదీ లేదని తెలుసు కాబట్టి, అంతే. ఇంత పనిచేస్తుందని నేననుకోలేదు. కాసేపు వినేసి నాన్న, "ఇదేంట్రా, పొలం గట్టు మీద మంచం వేసుకున్నట్టుంది" అన్నారు. బోరు మోటారు మొదలైంది కూడా, కానీ ఆ గాలి చప్పుడులో కలిసిపోయి విడిగా వినిపించలేదు. ఆ ట్రాక్ పూర్తయ్యేసరికి ఆయన నిద్రలో ఉన్నారు. ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ పడుకునే ముందు "ఆ గాలిది పెట్టు" అని అడిగేవారు. ఊరెళ్లేటప్పుడు తన ఫోన్‌లో వేయించుకుని మరీ వెళ్లారు. గేమ్ అంటే ఏమిటో, డ్రాగన్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఇది ఎందుకు ఇలా పనిచేస్తుందో తర్వాత ఆలోచిస్తే నాకు తోచింది ఒకటి ఉంది. స్కైరిమ్ గేమ్‌లో సంగీతం ఆపకుండా మోగదు. ఒక ట్రాక్ అయిపోయాక కాసేపు ఏమీ ఉండదు. గాలి, వాగు, మన కాలి చప్పుడు, అంతే. ఆ ఖాళీ తర్వాత మళ్లీ ఒక ట్రాక్ మెల్లగా వస్తుంది కాబట్టే అది అంత అందంగా తోస్తుంది. యుద్ధం ట్రాక్ కూడా శత్రువు ఎదురైతేనే వస్తుంది, అప్పటికి మన చేతిలో కత్తి ఉంటుంది. మొదటి మూడు డిస్కుల్లో ఈ రెండూ పోయాయి. ట్రాకు వెంట ట్రాకు తోసుకొస్తుంది. గేమ్‌లో సగం అందం మోసిన ఆ మధ్య ఖాళీ అంతా నాలుగో డిస్క్‌లోకి వచ్చి చేరింది. గేమ్ ఆడినవాళ్లకు మంచు కొండల మీద తిరిగిన గంటలు గుర్తుకు తెచ్చేది, మొదట్లో చెప్పిన మగ గొంతుల కోరస్ ఉన్న 'డ్రాగన్‌బోర్న్' ట్రాక్ కంటే ఇదే ఎక్కువ అని నేను నమ్ముతాను. 'డ్రాగన్‌బోర్న్'ను తక్కువ చేయడం లేదు. ముప్పై మందికి పైగా పాడినదాన్ని పేర్చి తొంభై గొంతుల్లా చేసిన ఆ కోరస్ వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అయితే దాన్ని నెలకోసారి వింటాను, గాలిని రోజూ వింటాను.

ఇబ్బందులు లేకపోలేదు. ఫోన్ స్పీకర్‌లో వింటే కింది స్వరం మొత్తం పోయి ఉత్త హోరు మిగులుతుంది. కనీసం చిన్న బ్లూటూత్ స్పీకర్ అయినా కావాలి. రిపీట్‌లో పెడితే ట్రాక్ అయిపోయి మళ్లీ మొదలయ్యే చోట తెగినట్టు తెలుస్తుంది. నిద్ర పలచగా ఉండేవాళ్లు అక్కడ కళ్లు తెరుస్తారు. కొన్ని చోట్ల గుహలోకి వెళ్లినట్టు స్వరం బరువెక్కుతుంది, ఒంటరిగా వినేటప్పుడు అది అందరికీ నచ్చకపోవచ్చు. ఉచితంగా వినే యాప్‌లో పెడితే మాత్రం ట్రాక్ అవగానే ప్రకటన అరుస్తుంది, దానికంటే డ్రాగనే నయం. కొని డౌన్‌లోడ్ చేసుకోవడమే మేలు.

ఇంకొకటి, సత్రాల్లో పాటగాళ్లు పాడే పాటల కోసం ఆల్బమ్ కొనాలనుకునేవాళ్లు ఆగండి. అవి ఇందులో లేవు.

నా సంగతి వేరు. రాత్రి పని, చుట్టూ మోటార్ల చప్పుడు, మాటలు వింటే తప్పిపోయే మనసు. ఇవి లేనివాళ్లకు, బస్సులోనో జిమ్‌లోనో వినేవాళ్లకు, నాలుగో డిస్క్ ఏమీ ఇవ్వదు. వాళ్లకు మొదటి మూడే బాగుంటాయి, ఆ వరుస కూడా నచ్చవచ్చు. మెత్తనివి మాత్రమే కావాలంటే మీరే ఒక ప్లేలిస్ట్ చేసుకోండి. 'సెకుండా', 'ఫార్ హొరైజన్స్', 'స్ట్రీట్స్ ఆఫ్ వైట్‌రన్' పెట్టి, వెనకాల 'అట్మాస్ఫియర్స్' వేయండి. నేనిప్పుడు వింటున్నది అదే వరుసలో. మంచం పక్కన ఎవరైనా పెద్దవాళ్లు పడుకుని ఉంటే 'వన్ దే ఫియర్' ఆ లిస్టులో లేదని ఒకసారి చూసుకోండి.