ఒకరి ల్యాప్‌టాపా, ఎవరి పెడల్ వారిదా?

బరంపురంలో మేం ఆరుగురం ఆదివారాలు ఒక మేడమీద గదిలో వాయించుకుంటాం. సన్నాయి, డోలు, వయొలిన్, హార్మోనియం, కంజిర, తాళాలు. రాగం ముందే అనుకోం, తాళం లెక్క కట్టం. ఒకరు మొదలెడితే తోచినవాళ్ళు బదులిస్తారు. వచ్చిన శబ్దాన్ని అక్కడికక్కడే మైకుతో పట్టి, సాగదీసి, ముక్కలు చేసి, వెనక్కి తిప్పి స్పీకర్‌లో వదులుతాం. మా అత్త మాటల్లో చెప్పాలంటే, పెళ్ళి మేళం దారి తప్పి మేడెక్కినట్టు ఉంటుంది.

ఏడాదిగా మా తగవు ఒక్కటే. శబ్దాన్ని మార్చే పని ఎవరి చేతిలో ఉండాలి? మూడు పద్ధతులు చేసి చూశాం.

మొదటిది ల్యాప్‌టాప్. మైకులన్నీ ఒక సౌండ్ కార్డ్‌లోకి వస్తాయి, దాని ముందు ఒకడే కూర్చుంటాడు (ఎక్కువగా నేనే, కంజిర మా తమ్ముడికిచ్చేసి). ప్యూర్ డేటా అనే సాఫ్ట్‌వేర్ వాడతాం, పైసా ఖర్చు లేదు. ప్యారిస్‌లో మ్యాక్స్ అనే సంగీత సాఫ్ట్‌వేర్ తయారుచేసిన మిల్లర్ పకెట్ ఆ తర్వాత రాసిందే ఇది కూడా. ఒక్కో మైకులో వచ్చిన చివరి పది సెకన్లను అది గుర్తుంచుకునేలా అమర్చుకున్నాం. ఇందాకటి సన్నాయి ఊపిరిని సగం వేగంతో డోలు కింద పరిస్తే, గదిలో ఎవరూ వాయించని మంద్రం ఒకటి పుడుతుంది. ఒక్కడే వింటూ ఎంచుకుంటాడు కాబట్టి ఖాళీలు మిగులుతాయి. ఈ పద్ధతిలో నాకు నచ్చింది అదే.

చిక్కులు రెండు. మొదటిది ఆలస్యం. కంప్యూటర్ శబ్దాన్ని సెకనుకు 44,100 శాంపిళ్ళుగా (చిన్న ముక్కలుగా) కొలుస్తుంది, కొన్ని పోగయ్యాకే పని మొదలెడుతుంది. ఆ పోగు, అంటే బఫర్, 512 పెడితే సుమారు 11.6 మిల్లీసెకన్లు పోతాయి. గాలిలో శబ్దం నాలుగు మీటర్లు నడిచేంత సేపు. పైగా అది లోపలికి వెళ్ళే దారి మాత్రమే, బయటికి రావడానికి మళ్ళీ కొంత. సన్నాయికి ఇదేం తెలియదు. కంజిర వాయించేవాడికి మాత్రం ఎవరో వెనకనుంచి చొక్కా లాగుతున్నట్టు ఉంటుంది. 64కి దించితే ఒకటిన్నర మిల్లీసెకన్‌కి వస్తుంది గానీ, నా పాత ల్యాప్‌టాప్ చిటపటలాడుతుంది. రెండోది, ఇరుకు గదిలో డోలు అన్ని మైకుల్లోకీ దూరిపోతుంది. ఒకరోజు వయొలిన్‌ని సాగదీద్దామని మీట నొక్కితే సాగింది డోలు.

రెండో పద్ధతి, ఎవరి పెట్టె వారికి. పెట్టె అంటే శబ్దాన్ని మార్చే పెడల్, గిటార్ వాళ్ళు కాలితో నొక్కేది. దీనికి పెద్ద వంశమే ఉంది. 1965లో లండన్‌లో మొదలైన ఏఎమ్ఎమ్ బృందంలో కీత్ రో గిటార్‌ని బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్కన రేడియో పెట్టుకుని వాయించాడు. 1966లో రోమ్‌లో పుట్టిన మ్యూజికా ఎలెట్రోనికా వీవా వాళ్ళు గాజు పలకకి కాంటాక్ట్ మైకు (గాలిలో శబ్దం కాకుండా వస్తువు అదురును పట్టేది) అంటించి గీకారు, నూనె డబ్బానీ వాయించారు. నడుమ మరో మనిషి లేడు. ఎవరి శబ్దం ఏమవుతుందో వాళ్ళే చూసుకున్నారు.

మేమూ పాటలు పాడే గ్రీటింగ్ కార్డుల్లో ఉంటుందే, ఆ పీజో బిళ్ళ (అదురును కరెంటుగా మారుస్తుంది) ఒకటి తెచ్చి హార్మోనియం అడుగు చెక్కకి టేపుతో అంటించాం. మొదట మిక్సర్ లైన్‌లో పెడితే రేకు డబ్బా చప్పుడే వచ్చింది. పీజో ఇచ్చే కరెంటు బలహీనం, దాన్ని లాగేయని ఇన్‌పుట్ కావాలి. లైన్ ఇన్‌పుట్ అడ్డు పది వేల ఓంల దగ్గర ఉంటే మంద్రమంతా హరించుకుపోతుంది. గిటార్ పెడల్‌లో అది పది లక్షల ఓంల దాకా ఉంటుంది. పెడల్‌లోకి మార్చగానే తిత్తి రొప్పడం, మెట్టు లేచేటప్పటి టక్కు, పక్కనుంచి గాలి కారడం, అన్నీ వినిపించాయి. ఆ పూట స్వరాలు ఎవరికీ గుర్తులేవు, తిత్తి రొప్పే గుర్తుంది.

అయితే ఆరుగురికీ పెడళ్ళు పెట్టేసరికి ఒక్కొక్కరి చేతికి రెండేసి వాద్యాలు వచ్చినట్టయింది. ఊరుకోవడం ఎవరికీ చేతకాలేదు. ఒకసారి తాళాల లూప్ (పట్టిన ముక్కే మళ్ళీ మళ్ళీ మోగడం) ఆగకుండా తిరుగుతూనే ఉంది. అది ఎవరి పెట్టెలోదో పోల్చుకునేసరికి నాలుగు నిమిషాలు. పైగా గోపాల్‌పూర్ సముద్రపు గాలికి జాక్‌లు నల్లబడి, ముట్టుకుంటే చిర్రుమంటాయి.

మూడో పద్ధతి జంటలు, వాయించే ఒక్కొక్కరికీ శబ్దం మార్చే ఒకరు. సాక్సఫోన్ వాయించే ఎవాన్ పార్కర్ 1992లో ఎలెక్ట్రో అకూస్టిక్ ఎన్‌సెంబుల్ మొదలుపెట్టినప్పుడు, వాయించే ముగ్గురి పక్కన శబ్దాన్ని మార్చే ముగ్గురిని కూర్చోబెట్టాడు. తర్వాత ఆ బృందం పెరిగి పదిమంది దాటింది, అది వేరే సంగతి. ఒకరి ఊపిరిని ఒక్కరే వింటూ మారుస్తారు. ఇంత శ్రద్ధ మిగతా రెండిట్లోనూ రాదు. మాకెక్కడ కుదురుతుంది? ఆరుగురికి మరో ఆరుగురు కావాలంటే పర్లాకిమిడి చుట్టాలని కూడా పిలవాలి.

అందుకని నేను తేల్చుకున్నది ఇది. సన్నాయికీ వయొలిన్‌కీ మాత్రమే ల్యాప్‌టాప్. రెండు మైకులే కాబట్టి నేను నిజంగా వినగలను, అది జంట కిందే లెక్క. హార్మోనియంకి పీజో, పెడల్. డోలు, కంజిర, తాళాలు ఉత్తవే. వాటికి పెట్టెలు అక్కర్లేదు. రెండేళ్ళకోసారి చైత్రంలో మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్రప్పుడు సందు మలుపులో ఒక మేళం మీద ఇంకో మేళం వచ్చి పడితే డప్పులు ఎలా కలగాపులగం అవుతాయో విన్నవాళ్ళకి డోలు మీద ఎకో వేయబుద్ధి కాదు.

ఇంకో షరతు సన్నాయి వాయించే మామయ్య పెట్టాడు. ల్యాప్‌టాప్ పద్ధతిలో మొదటిరోజే సన్నాయి ఒళ్ళో పెట్టేసుకుని, "ఒరేయ్, నా ఊపిరి నువ్వు పట్టుకుపోతున్నావు, వద్దనడానికి నాకు నోరు ఖాళీ లేదు" అన్నాడు. నిజమే. అందుకే ఆయన కాలి కింద ఒక మీట పెట్టాం. తొక్కితే ఆయన మైకు నా దాకా రాదు.

మొన్న తొక్కాడు. మైకు ఆగింది, కానీ అప్పటికే పట్టుకున్న పది సెకన్లు ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి కదా, అవి నెమ్మదిగా తిరుగుతూనే ఉన్నాయి.

"నేను ఆపేశాక కూడా నేనే వాయిస్తున్నానేంట్రా?"

తిరిగొచ్చే శబ్దానికి ఇంకో మీట పెట్టాలి మామయ్యా, రేపే తెస్తాను అన్నాను. ఆయన తల వాల్చి కాసేపు విన్నాడు.

"ఉండు. ముందు వీడికి జవాబు చెప్పనీ" అని సన్నాయి అందుకున్నాడు.