ప్రీగాబలిన్ 75 మి.గ్రా. గుళిక: మంట తగ్గించింది, మగతా తెచ్చింది

మధుమేహం ముదిరాక వచ్చే అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, సూదులతో పొడిచినట్టుండే పోట్లు పారాసిటమాల్‌కు లొంగవు కనుక మా అమ్మగారికి వైద్యులు ప్రీగాబలిన్ అనే నరాల నొప్పి మందు రాశారు. రాత్రిపూట వేసుకోవడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే మంట తగ్గి ఆమెకు కంటినిండా నిద్ర పట్టింది. పని చేసే మందే అనడానికి నాకు సందేహం లేదు.

నరాల చివరల్లో ఉండే కాల్షియం ద్వారాల ఆల్ఫా-2-డెల్టా భాగానికి ఈ మందు అతుక్కుని కాల్షియం లోపలికి పోవడాన్ని తగ్గిస్తుంది. దాంతో గ్లుటమేట్ వంటి ఉద్రేకపరిచే రసాయనాల విడుదల తగ్గి నొప్పి సంకేతాలు బలహీనపడతాయి. మెదడులోనూ ఇదే జరుగుతుంది కాబట్టి యూరప్‌లో 2006 నుంచి దీన్ని దీర్ఘకాలిక ఆందోళనకు కూడా వాడుతున్నారు. అమెరికాలో మాత్రం ఆందోళనకు అనుమతి లేదు.

అయితే నొప్పిని మోసే నరాలతోపాటు మెలకువను, నడకలో నిలకడను కాపాడే నరాలు కూడా నెమ్మదిస్తాయి. మగత, తల తిరగడం, చూపు మసకబారడం అందువల్లే వస్తాయి. అమ్మగారు పొద్దున్నే లేచి తూలడం చూశాక, ఈ వయసులో పడితే తుంటి ఎముకకే ప్రమాదమని భయపడి వైద్యులకు చెప్పాము. ఆయన మోతాదు తగ్గించారు. పాదాల వాపు, బరువు పెరగడం కూడా కొందరిలో కనిపిస్తాయి, పయోగ్లిటజోన్ అనే మధుమేహ మందు వాడేవారిలో వాపు మరింత ఎక్కువ కావచ్చు.

ఈ మందు దాదాపు మార్పు చెందకుండానే మూత్రంలో పోతుంది, అందువల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఒంట్లో పేరుకుపోతుంది. మధుమేహులలో అటువంటివారు ఎందరో ఉంటారు కనుక మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. ట్రమడాల్ అనే బలమైన నొప్పి మందు, నిద్రమాత్రలు, మద్యం వీటిలో ఏది తోడైనా ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. హఠాత్తుగా మానేస్తే నిద్రలేమి, చెమటలు, వికారం, ఆందోళన వస్తాయి. కనీసం వారం రోజులపాటు మెల్లగా తగ్గించాలి.

మన మందుల దుకాణాల్లో మిథైల్‌కోబాలమిన్ అనే బి12 విటమిన్‌తోనో, నార్ట్రిప్టిలిన్ అనే మానసిక కుంగుబాటు మందుతోనో కలిపిన గుళికలే ఎక్కువగా దొరుకుతాయి. నార్ట్రిప్టిలిన్ కలిసినప్పుడు మగత రెట్టిస్తుంది, పైగా ఒక్క ప్రీగాబలిన్ మోతాదును మాత్రమే మార్చే వీలుండదు. పెద్దవారికి విడి ప్రీగాబలిన్‌నే, వీలైతే 75కు బదులు 25 లేదా 50 మి.గ్రా. గుళికతో మొదలుపెట్టే విషయం వైద్యులను అడగమంటాను.