టెన్స్ మెషీన్: రెండేళ్లు వాడాక

నడుము నొప్పికి, అక్కణ్ణుంచి కాల్లోకి దిగే సయాటికాకి రెండేళ్లుగా వాడుతున్న మెషీన్ ఇది. చర్మానికి అంటించిన ప్యాడ్ల ద్వారా సన్నటి కరెంటు పంపి నొప్పిని తగ్గిస్తుంది. రెండు ఛానళ్లు, నాలుగు ప్యాడ్లు, 9 వోల్టుల బ్యాటరీ, చొక్కా జేబులో పట్టే పెట్టె. ముందే చెప్పాల్సింది: ఇది రోగాన్ని మాన్పదు. పెట్టుకున్నంతసేపూ, తీశాక ఇంకాసేపూ నొప్పిని తగ్గిస్తుంది. ఆ వ్యవధిలో నడిచి, వ్యాయామాలు చేసుకోగలిగితే పెట్టిన డబ్బు గిట్టుబాటైనట్టే. పడుకుని పెట్టుకుంటే సగం లాభమే. లేచి పని చేసుకునే వేళకి పెట్టుకోవాలి.

ఫిజియోథెరపీలో ‘కరెంటు పెట్టారు’ అని మనవాళ్లు చెప్పేది చాలాసార్లు ఐఎఫ్‌టీ (ఇంటర్‌ఫెరెన్షియల్ థెరపీ). అది 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 4,000 సార్లు ఊగే కరెంటుతో, నడిచే పెద్ద మెషీన్. ఇంట్లో వాడే టెన్స్ వేరు. మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించిన గేట్ కంట్రోల్ సిద్ధాంతమే దీనికి మూలం. స్పర్శను మోసే లావు నరాల పోగుల్ని కరెంటుతో కదిలిస్తే, నొప్పి కబురు వెన్నుపాములోనే కొంత ఆగిపోతుంది. దెబ్బ తగిలినచోట చేత్తో రుద్దుకుంటే హాయిగా ఉండేదీ ఇందుకే.

ఎక్కువమంది పొరబడేది పవర్ దగ్గర. సన్నగా జిలజిల మనగానే అక్కడే ఆపేస్తారు, నాలుగు రోజులకి పనిచెయ్యలేదని అటకెక్కిస్తారు. ఆ మోతాదు నిజంగానే చాలదు. 100 హెర్ట్జ్ (సెకనుకి 100 పల్స్‌లు), 200 మైక్రోసెకన్లు (ఒక్కో పల్స్ నిడివి) పెట్టుకుని పవర్‌ని మెల్లగా పెంచుతూ పోవాలి. జుమ్ముమని గట్టిగా తెలియాలి, కానీ బాధ కాకూడదు. కండ పట్టేస్తుంటే ఎక్కువైనట్టు. పది నిమిషాలకి జుమ్ము తగ్గినట్టుంటుంది. మెషీన్ తగ్గలేదు, నరం అలవాటుపడింది. ఒకటి రెండు మెట్లు పెంచితే సరిపోతుంది. ఒక్కో విడత 30 నుంచి 40 నిమిషాలు.

2 నుంచి 4 హెర్ట్జ్ దగ్గర తీరు మారుతుంది. కండ టక్‌టక్‌మని ఎగురుతుంది, ఒంట్లోనే ఊరే ఎండార్ఫిన్లు (సహజమైన నొప్పి మందులు) పనిచేస్తాయి, తీశాక కూడా ఊరట కాస్త నిలుస్తుంది. 20 నిమిషాలు దాటితే మర్నాడు కండ నొప్పి పెడుతుంది. ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ నొప్పి మాత్రలు చాన్నాళ్లుగా వేసుకుంటున్నవాళ్లకి ఇది అంతగా పట్టదు, వాళ్లకి ఎక్కువ ఫ్రీక్వెన్సీయే (పైన చెప్పిన 100 హెర్ట్జ్) మేలు. రోజూ ఒకే సెట్టింగ్ మీద ఉంటే కొన్నాళ్లకి ఫలితం పల్చబడుతుంది, అందుకే రెండింటినీ మార్చి మార్చి వాడటం మంచిది.

అసలు ఖర్చు ప్యాడ్లది. 5 సెంటీమీటర్ల చదరపు జెల్ ప్యాడ్లు జాగ్రత్తగా వాడితే 20, 30 సార్లు వస్తాయి. వాటిని పాడుచేసేవి కొబ్బరినూనె, బామ్, చెమట. బామ్ రాసుకున్న నడుముకి అంటిస్తే జెల్ ఆ ఒక్కసారితోనే జారుడుగా అయిపోతుంది, పైగా చర్మం మండుతుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచి, ఆరాక అంటించాలి. వాడాక జెల్ మీద ఒక్క చుక్క నీళ్లు వేలితో రాసి, ప్లాస్టిక్ షీటుకి అంటించి, జిప్ కవర్లో పెట్టాలి. అంచు ఎండి లేచిందంటే కరెంటంతా మిగిలిన కాస్త చోటునుంచే దూరుతుంది. అప్పుడు జుమ్ముకి బదులు సూదులతో పొడిచినట్టు చురుక్కుమంటుంది. పవర్ తగ్గిస్తే సరిపోదు, ప్యాడే మార్చాలి.

వైరు ఎప్పుడూ పిన్ను మొదట్లోనే తెగుతుంది, తీగ పట్టుకుని లాగడం వల్ల. లోపల సగం తెగినప్పుడు కదిలినప్పుడల్లా ఆగి ఆగి ఠక్కున కొడుతుంది. మెషీన్ ఆపకుండా ప్యాడ్ తీసినా అలాగే కొడుతుంది.

నడుముకైతే వెన్నెముక మీద కాదు, దానికి అటూ ఇటూ, పైనొకటి కిందొకటి. ఒక ఛానల్ ప్యాడ్ల మధ్య కనీసం 3 సెంటీమీటర్లు ఉండాలి. సయాటికాకి ఒకటి నడుము దగ్గర, రెండోది పిరుదు మీద పెడితే బాగా అందుతుంది. షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లు మొద్దుబారినచోట పెట్టకూడదు. ఎంత పెంచామో చర్మం చెప్పదు కాబట్టి కాలే ప్రమాదముంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా ముట్టుకోవద్దు. గొంతు ముందువైపు, తలమీద, పుండు మీద, గర్భిణులైతే పొట్టమీద ఎవరూ పెట్టకూడదు.

ఆధారాలు ఒకే మాట మీద లేవు. బ్రిటన్‌లో ఏ వైద్యం వాడాలో సూచించే నైస్ సంస్థ 2016లో నడుము నొప్పికి దీన్ని సూచించవద్దంది. 2020లో వెలువడిన అమెరికా ట్రయల్‌లో మాత్రం ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా దీర్ఘకాలం నొప్పులుండే జబ్బు) ఉన్న స్త్రీలకి కదిలేటప్పుడు వచ్చే నొప్పి తగ్గింది. ఆ ట్రయల్‌లోనూ పవర్‌ని భరించగలిగినంత పెంచి, రోజూ తిరుగుతూ వాడారు.

కొనేటప్పుడు తెరమీద హెర్ట్జ్, మైక్రోసెకన్లు కనబడేదే తీసుకోండి. ‘మసాజ్, ట్యాపింగ్’ అని మోడ్ పేర్లు మాత్రమే ఉన్నదాంట్లో పైన చెప్పిన మోతాదు పెట్టుకునే వీలే ఉండదు.