అద్దె పోర్షన్‌లో ఇండక్షన్ స్టవ్: మూడేళ్ళు దాటిన వాడకం తరువాత

బీటెక్ పూర్తయిన ఏడాదికే పెళ్ళి చేసుకుని, ఉద్యోగాల కోసం హైదరాబాద్ వచ్చి, కూకట్‌పల్లిలో ఒక పోర్షన్‌లో దిగేనాటికి గ్యాస్ కనెక్షన్‌కు చూపవలసిన చిరునామా పత్రం మా ఇద్దరిలో ఎవరి దగ్గరా లేదు. అందుచేత 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ ఒకటి కొన్నాము. నాలుగు నెలల ముచ్చటే అనుకున్నది మూడేళ్ళు దాటినా మా ప్రధానమైన పొయ్యిగానే ఉంది. ఇద్దరే ఉండే ఇంటికి ఇది చాలునని నా అభిప్రాయం. కాకపోతే స్టవ్ ధరకు గిన్నెల ఖర్చును కూడా కలిపి లెక్క చూసుకోవాలి.

లోపల ఉన్న తీగచుట్ట పుట్టించే అయస్కాంత క్షేత్రం వల్ల గిన్నె అడుగే నేరుగా వేడెక్కుతుంది కనుక, అయస్కాంతం అంటుకునే లోహానికి తప్ప ఇది మరి దేనికీ లొంగదు. సారెతో అమ్మ పంపిన అల్యూమినియం కుక్కరు, ఇత్తడి గిన్నె, చారు కాచుకొమ్మని అత్తయ్య ముచ్చటపడి ఇచ్చిన సత్తు గిన్నె అన్నీ అటకెక్కాయి. స్టీలు గిన్నెలన్నీ పనికివస్తాయనుకోవడానికీ లేదు. నికెల్ ఎక్కువగా కలిసిన స్టీలుకు అయస్కాంతం అంటదు. ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతాన్ని సంచిలో వేసుకొని కొట్టుకు వెళ్ళి, ప్రతి గిన్నె అడుగునా పెట్టి చూడడం అన్నిటికన్నా సులువు. అడుగు చదునుగా కూడా ఉండాలి. గుండ్రటి ఇనప మూకుడు కుదురుగా నిలవదు. పోపు గరిటె మరీ చిన్నది కావడంతో, గిన్నె లేదనుకొని స్టవ్ బీప్‌మంటూ ఆగిపోతుంది.

నీళ్ళు మరిగించడంలోనూ, పప్పు ఉడికించడంలోనూ దీని వేగానికి వంక పెట్టలేను. మంట లేదు కాబట్టి మే నెలలో కూడా వంటగదిలో నిలబడగలుగుతున్నాము. దోసెల దగ్గర మాత్రం నిరాశే. తీగచుట్ట వెడల్పు తక్కువ కావడంతో పెద్ద పెనం మీద దోసె నడుమ మాడుతుంది, అంచులు పచ్చిగా మిగులుతాయి. సన్నని సెగ కావాలన్నా కష్టమే. తక్కువ వాట్లకు తగ్గిస్తే మా స్టవ్ వేడిని తగ్గించడానికి బదులు కాసేపు వెలిగి కాసేపు ఆగుతుంది, అందువల్ల పాయసం కలుపుతూనే ఉండాలి. పుల్కాలు పొంగించడం, అప్పడాలు కాల్చడం, పచ్చడికి వంకాయ కాల్చడం దీనితో కాని పనులు. వీటి కోసమే గుర్తింపు కార్డు చూపితే చిరునామా పత్రం అడగకుండా ఇచ్చే 5 కిలోల సిలిండరు తెచ్చుకున్నాము. 14.2 కిలోల సిలిండరుతో పోలిస్తే కిలో ధర ఎక్కువే గాని, కరెంటు పోయిన పూట కూడా అదే ఆదుకుంటుంది.

ఇక కరెంటు లెక్క. పూర్తి వేడి మీద అరగంట నడిస్తే ఒక యూనిట్ అవుతుంది. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్లకు కూడా రేటు పెరుగుతుంది కనుక, వేసవిలో ఏసీతో పాటు దీనిని వాడేవారు మీటరు మీద ఒక కన్నేసి ఉంచాలి. పూర్తి వేడి మీద ఇది దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. మిక్సీ పెట్టుకునే చిన్న సాకెట్ చాలదు, 16 ఆంపియర్ల సాకెట్ ఉన్నదో లేదో ఇల్లు చూసేటప్పుడే గమనించుకోవాలి.

వంట ముగియగానే ప్లగ్ తీసేయకుండా లోపలి ఫ్యాను ఆగేదాకా ఉంచాలని మా వారికి అలవాటు చేయడానికి కొంతకాలం పట్టింది. రెండో ఏడాది బొద్దింక దూరి బోర్డు కాలిపోయింది. అప్పటికి వారంటీ ముగిసింది. బాగుచేయడానికి అడిగిన మొత్తం కొత్త స్టవ్ ధరలో సగానికి దగ్గరగా ఉన్నా, గిన్నెలన్నీ దీనికోసమే కొన్నాము కాబట్టి చేయించాము. అప్పటి నుంచి రాత్రిపూట దానిని గట్టు మీద వదలకుండా తుడిచి, మూత ఉన్న డబ్బాలో పెడుతున్నాము.